మూడు బిళ్ళల వాలు

సోహార్‌ల పన్నెండు మంచాల గది.
పై మంచం మీద నేను, ఓపెన్ స్కూల్ లెక్కల పుస్తకం,
ముక్కుకూ కప్పుకూ నడుమ జానెడు గాలి.
"వాలు అంటే ఏంది తమ్మీ?"
కింది మంచం నుంచి లింబాద్రన్న.
నిలువు తేడాను అడ్డం తేడాతో భాగించుడన్నా.
"గంతేనా?"

తెల్లారి పైపుల కందకంలకు దిగి చూపెట్టిండు:
అర మీటరు రసమట్టం,
దాని ఒక కొసకింద మూడు రూపాయి బిళ్ళలు,
ఈడ ఏ కొట్లనూ చెల్లనివి.
బుడగ నడుమకొచ్చి నిలబడితే
నూటికి ఒకటి.
పదకొండేండ్ల సంది ఈ ఊరి మురికి
ఆ మూడు బిళ్ళల మాట వింటున్నది.

ఇంకింత వాలిస్తే జల్ది పోతది కదన్నా?
"నీళ్లు పోతయి, ఉరికురికి పోతయి.
చెత్త ఎనకవడి పైపుల్నే ఎండుతది."
ఇది పుస్తకంల లేదు.
పేజీ అంచున రాసుకున్న.

శుక్రవారం.
బట్టలు ఆరేసిన తాడు నడుమ కుంగింది, అది సరళరేఖ కాదు.
గళ్ల కాగితం మీద నా గీత గీసిన.
ఎక్స్ అంటే నెలలు, వై అంటే నా చేతిలున్నది.
సి మైనస్ లక్షా అరవై వేలు,
ఏజెంటుకు కట్టిన నాటిది.
ఎమ్ నెలకు పదివేలు.
పదహారో నెలకాడ గీత సున్నా దాటింది.
పెన్సిల్‌తోని దాటుడు ఎంత అల్కగుంటదో!

"నాది గియ్యి" అన్నడు.

మొదటి కంపెనీ, మెల్లగ ఎక్కుడు.
రెండోది మూతవడ్డది,
జీతం లేని ఐదు నెలలు అడ్డంగ.
పతాకా గడువు తీరి జరిమానా కట్టిన నాడు
గీత నిట్టనిలువుగ కిందికి.
"దీని వాలెంత?"
కింద సున్నా వస్తదన్నా, భాగించరాదు,
నిర్వచించలేం అని రాస్తరు.
నవ్వలేదు.
"అవు. ఆ దినం గట్లనే ఉండె."

ఇగ ముందుకు గీయాలంటే ఇంకో చుక్క గావాలె.
ఒక్క చుక్కలకెల్లి ఎన్ని గీతలైనా పోతయి.
చెవి మీది పెన్సిల్ తీసిండు,
కాగితం మీద కొంచెంసేపు ఆపిండు,
మళ్ల చెవిమీదనే పెట్టుకున్నడు.

మంచానికి ఒక కాలు పొట్టి.
మా ఇద్దరి గీతలున్న కాగితాన్ని
నాలుగు మడతలు పెట్టి దానికింద తోసిండు,
ఇనుప పట్టీ మీద రసమట్టం ఆనిచ్చి చూసిండు,
ఇంకో మడత పెట్టిండు.
బుడగ నడుమకొచ్చింది.
"పండుకునే కాడ సున్నా ఉండాలె తమ్మీ.
లైటు ఆర్పు, నాలుగింటికి బస్సు."