పందొమ్మిది కట్టల దూరం

మెట్‌పల్లి పాత బస్టాండు ఎదురుంగ
నాది టికెట్ల దుకాణం.
ఇరవై రెండేండ్ల సంది మందిని మబ్బులకెక్కిస్తున్న,
నాకైతే నిర్మల్ ఘాటు బస్సెక్కితేనే
కడుపుల తిప్పుతది.

అడిగినోళ్లకు అడిగినట్టు చెప్త:
హైదరాబాద్ నుంచి దమ్మామ్
గాలిదారిల మూడువేల నూరు కిలోమీటర్లు,
నాలుగుంముప్పావు గంటలు.
టికెట్ మీద చూస్తే రెండుంపావే కనబడ్తది.
మిగిలిన రెండున్నర ఎవడు తిన్నడని లొల్లి.
అక్కడి గడియారం మనకన్న ఎనుక నడుస్తదంటే
నన్నే ఎగాదిగ చూస్తరు.
మళ్లొచ్చేటప్పుడు తిన్నదంత కక్కి
ఆరుంముప్పావు చూపెడ్తది,
ఎగిరేది మాత్రం నాలుగుంపావే.
ఇంటికి మొకం పెట్టినోన్ని
గాలి సుత ఎనుకనుంచి నూకుతది.

మెట్‌పల్లి నుంచి శంషాబాదుకు బస్సుల ఆరు గంటలు.
ఇది ఎవ్వలూ లెక్కల పట్టరు.

భూదేవక్క వచ్చింది మొన్న అమాస ముందట.
ఒళ్ళె చాట లేదు గని
వేళ్లు ఆకు మలుస్తనే ఉన్నయి.
"సేటూ, మా తమ్ముడు లింబాద్రి
రేపు రాత్రి ఎక్కుతుండు.
గంటలు నాకెందుకు,
ఎన్ని బీడీలైతయో చెప్పు."

గంటకు నూరు చుడ్తదట, చెయ్యి నొయ్యకుంటే.
నాలుగువందల డెబ్బయ్యైదు.
పందొమ్మిది కట్టలక్కా, అన్న.

నా బల్ల మీద పిల్లల బడి గ్లోబుంది, కాలు విరిగింది.
కొంగు ముడిల నుంచి బీడీ దారం తీసి
ఈ కొసన నేను, ఆ కొసన తను పట్టుకున్నం.
గోడమీది పటంల నేను గీసిన గీత సక్కగుంది,
దారమేమో జర ఉత్తరానికి వంగి పండుకుంది.
ఏంది ఇట్ల వంకరవోయె అంటే
"గుంజి పట్టుకో సేటూ,
దారానికి దగ్గరి తొవ్వ తెలుస్తది" అన్నది.
ఇరవై రెండేండ్లల ఈ మాట
నాకు ఏ కంపెనోడు చెప్పలే.

తెల్లారి రాత్రి అరుగు మీద చాట పెట్టుకుందట.
మూడో కట్టకు మహారాష్ట్ర.
తొమ్మిదో కట్టకు కింద అంత నీళ్లే అనుకొని
తునికాకు మీద చల్లే నీళ్ల గిన్నె
దూరం జరిపిందట, ఎందుకో తెల్వదు.
పద్నాలుగుకు కరెంటు పోయింది,
చీకట్లనే చుట్టింది, వేళ్లకు లైటెందుకు.
పందొమ్మిది అయింది.
ఫోను మోగలే.

ఇరవై.
తంబాకు ఎక్కువైందో తక్కువైందో.
ఇరవై ఒకటి కట్టకు దారం ముడిపెడ్తుంటే మోగింది.
అక్కడ ఇసుకగాలి లేసిందట,
దిగనియ్యక అరగంట పైననే
గుండ్రంగ తిప్పిండ్రట.

మర్నాడు కార్ఖానల చెకర్
పందొమ్మిది కట్టలు మెచ్చి తీసుకున్నడు.
ఆఖరి రెండు ఏలితో ఒత్తి చూసిండు:
మూతులు మడవలే, నడుములు లూజు.
యాభై బీడీలు విరిచి బుట్టల పారేసిండు.
ఆ విమానం ఆల్సెమైన అరగంట
మన దిక్కు రాసి ఉన్నది
ఆ బుట్టల ఒక్కటే.

ఇదంత చెప్పటానికి రాలేదు అక్క.
ఇంకో లెక్క అడగొచ్చింది.
"మళ్లొచ్చేటప్పుడు ఎన్ని?"
పదిహేడు కట్టలు, అన్న.
రెండేండ్ల తర్వాతి మాట గదా అని
నోటి దాంక వచ్చింది, మింగిన.

"రెండు కట్టల కూలి పాయె" అనుకుంట
మెట్లు దిగింది.
నవ్విందో లేదో
ఎండల మొకం కనబడలే.