ఊళ్లో లేను

బీరువా ఖాళీ చేస్తుంటే దొరికింది
ఆరో తరగతి హాజరు పట్టీ.
అట్ట మీద టీ మరక.
ఇంటిపేర్ల వరసలో జెడ్ అక్షరం నాది కనక
ఎప్పుడూ చివరి పేరు నాదే: జుపాన్, డెలోరెస్.
దాని కింద, గీత దాటి, ఇంకో పేరు
ఆకుపచ్చ సిరాతో: కొస్కెలా, ఐలీ.

మా టీచరు.
ఆ ఏడాదంతా సెలవు పెట్టి శిక్షణకి వెళ్లింది,
ఆ ఫిబ్రవరిలో పైకి వెళ్లింది,
దిగి వచ్చాక ఈ పట్టీ అడిగి తీసుకుని
తను లేని రోజు రోజుకీ సున్నా చుట్టుకుంది.
నూట డెబ్బై ఆరు సున్నాలు.
కారణం అన్నచోట ఒక్కసారే రాసింది:
ఊళ్లో లేను.

వెళ్లేముందు విలేకరులు అడిగారట
ఆడమనిషివి, అంత ఎత్తు, భయం లేదా అని.
పదకొండేళ్ల పిల్లలు ముప్పైమంది ముందు
మీరెప్పుడైనా నిలబడ్డారా, అందట.

డులూత్‌లో ఆ వారం సరస్సు గడ్డకట్టి
ఇనుప ఖనిజం ఓడలు రేవులో కునుకు తీస్తున్నాయి.
ఊరు ఊరంతా వంతెన మీద మెడలెత్తి నిలబడింది,
నేను తప్ప.
నాకు గవదబిళ్లలు.
నాన్న ఉన్ని మఫ్లరు చుట్టి మంచం దిగనివ్వలేదు.
కిటికీలోంచి పక్కింటి చిమ్నీ ఒక్కటే కనిపించింది.

తిరిగి పాఠం మొదలుపెట్టిన మొదటి వారం
ఏదో చెబుతూ చెబుతూ
చేతిలో టీ కప్పుని గాల్లో వదిలేసింది,
అది అక్కడే ఆగి ఉంటుందన్నట్టు.
పెంకులు. టీ. ఎవరూ ఊపిరి తీయలేదు.
వంగి చూసి,
"గురుత్వాకర్షణ," అంది, "ఉంది. రాసుకోండి."

ఆ నేల చెక్క మీద నొక్కు ఇప్పటికీ ఉంది.
ఇప్పుడు ఈ గది నాది, తుడిచేవాళ్లకి నేనే చెబుతాను
దానికి మైనం పూయొద్దని.

ఊరి మొదట్లో ఆవిడ పేరుతో బోర్డు పెట్టారు.
అందులో ఒక అక్షరం తప్పు.
నిచ్చెన తెచ్చుకుని ఎక్కి
ఎర్ర రంగుతో దాని చుట్టూ గుండ్రంగా గీసి దిగింది.
మంచుకి, ఎండకి ఆ ఎరుపు గులాబీ అయింది.
తప్పు మాత్రం ఎవరూ దిద్దలేదు.

పోయిన అక్టోబరులో పోయింది.
పత్రికలు నక్షత్రాల్లో కలిసిందని రాశాయి.
ఆవిడైతే పక్కన ప్రశ్న గుర్తు పెట్టేది.

పట్టీలో నా వరస చూశాను.
గవదబిళ్లల వారం, ఐదు సున్నాలు.
పక్కన అదే ఆకుపచ్చ సిరా:
లెక్కలు ఐదు బాకీ.

నలభై ఆరేళ్లు నాకు.
రాత్రి పాత పుస్తకం వెతికి కూర్చున్నాను.
నాలుగు తేలాయి.
ఐదోది: ఒక రాయిని నిటారుగా పైకి విసిరితే
ఎంతసేపటికి చేతికి వస్తుంది?

చెయ్యడం తెలుసు.
చెయ్యలేదు.
బాకీ అలాగే ఉంచాను,
అడుగుతుందని.