పదహారు గళ్ళ వెడల్పు

కయానీ ఊళ్ళో జనవరి.
పొద్దున తొమ్మిదైనా
కిటికీకి చీకటి అంటుకునే ఉంటుంది.
హీటరు మీద ఆరుతున్న చేతి తొడుగులు,
తడి బూట్ల వాసన,
మూడో తరగతి.

మొదట్లో చిన్న మాటలే దాచేదాన్ని:
పిల్లి, ఇల్లు, చేప, మంచు.
మూడు నిమిషాల్లో ఏరేసి
పెన్సిళ్ళు నములుతూ కూర్చునేవాళ్ళు.
"ఇవి మాకొచ్చు కదా" అంది హిల్ప.
నిజమే.
జేబులో ఉన్న తాళంచెవి కోసం
ఇల్లంతా ఎవరు గాలిస్తారు?

ఆ రాత్రి వంటింటి బల్ల మీద
స్కేలు పెట్టి గీశాను,
అడ్డం పదహారు, నిలువు పదహారు.
మా ఫిన్నిష్‌కి పొడుగు మాటలంటే మోజు.
బయటికి తీసుకెళ్ళే పసిపిల్లల్లా
ఒకే తాడు పట్టుకుని నడుస్తాయి.
నేలకి గాలిని తగిలిస్తే లోకం.
లోకానికి సమస్తాన్ని తగిలిస్తే విశ్వం:
మాయిల్మన్‌కాయిక్కెయుస్.
మా లిపిలో సరిగ్గా పదహారక్షరాలు.
ఈ గోడ నుంచి ఆ గోడకి
వెంట్రుకవాసి మిగలకుండా పట్టింది.
పక్షిదారిని ఏటవాలుగా పెట్టాను,
అది మాకు పాలపుంత.
నక్కమంటల్ని వెనక నుంచి ముందుకు రాశాను,
అవి మాకు ఉత్తరాకాశపు వెలుగులు.
మిగతా గళ్ళలో
చేతికొచ్చిన అక్షరాలు చల్లాను.
పొట్టు.

మర్నాడు గదిలో చప్పుడు లేదు.
ఏలిస్ వేలు గడి గడీ దాటుతూ వెళ్ళి
విశ్వం మధ్యలో ఊపిరి తీసుకుంది.
"టీచర్, దీని కడుపులో నేల ఉంది!"
ఆ మాటతో అందరూ
కనిపించిన ప్రతి పొడుగు మాటకీ కడుపు కోసి చూడటం మొదలెట్టారు.
ఫ్రిజ్‌లో మంచు దొరికింది, అలమర దొరికింది.
ఒకడికి డ్రాగన్‌లో పాము.
పాముకి ముందు సాల్మన్ చేప ఎందుకుందో
నాకూ తెలీదన్నాను.

రిజికి అక్టోబరులో వచ్చాడు,
కాంగో నుంచి, మధ్యలో ఒక శిబిరంలో నాలుగేళ్ళు ఆగి.
చర్చివాళ్ళిచ్చిన కోటు, చేతులు మడిచి.
వాడి కాగితం మీద ఒక్కటే సున్నా,
పొట్టులో, నాలుగక్షరాల చుట్టూ.
మజి.
జాబితాలో లేదన్నాను, ఎర్ర పెన్సిలుతో.
తలూపి చెరిపాడు,
కాగితం చిరిగేదాకా చెరిపాడు.

ఈత తరగతి ఫారం గురించి
దుబాసీతో ఫోన్లో మాట్లాడుతూ
ఎందుకో అడిగాను.
"మజీనా? నీళ్ళు" అందామె.

నేను చల్లిన పొట్టులో నీళ్ళు.

తర్వాతి వారం నేను గళ్ళు గీయలేదు.
తెల్ల కాగితం, స్కేలు వాడి ముందు పెట్టి
మంచు చూస్తూ నిలబడ్డాను.
పదమూడు గళ్ళు గీశాడు, మూల నుంచి మూలకి ఒకే మాట.
అర్థం తెలీకుండా ఆకారం కోసమే వెతికింది క్లాసంతా.
హిల్పకి దొరికింది, కింద నుంచి పైకి ఎక్కుతూ.
హతుకువసహావు.
"అంటే?"

వాడు బోర్డు దగ్గరికెళ్ళి
సుద్దముక్కతో మాటని ముక్కలు చేశాడు,
మేం విశ్వాన్ని కోసినట్టే.
హ అంటే లేదు. తు అంటే మేము.
కు అంటే, వెనక్కి చెయ్యి ఊపాడు, నిన్న, నిన్నకి నిన్న.
సహావు అంటే మరవడం.
మధ్యలో వ మిగిలింది.
"వాళ్ళని" అన్నాడు.

మేము వాళ్ళని మరిచిపోలేదు.
ఇంత వాక్యం ఒక్క మాటలో.

"వాళ్ళంటే ఎవరు?" ఏలిస్ అడిగాడు.
రిజికి సుద్దముక్క ఆ అక్షరం మీదే ఆనించి ఉంచాడు.
వాడి లెక్కలో రెండే గళ్ళు అది.
ఎందరు పట్టారో.
గంట కొట్టారు.

గురువారం కదా, బఠాణీల సూపు.
హిల్ప చెంచాతో బల్ల మీద దరువేస్తూ
ఆ మాటే అంటోంది:
హతుకుసహావు, హతుకుసహావు.
రిజికి రొట్టె కింద పెట్టాడు.
"వ" అన్నాడు.
"వాళ్ళని వదిలేశావు."