పొల్లు పోయిన రోజు

పొద్దున్నే హక్కు అని కొడితే
హకకు అని పడింది.
మళ్ళీ కొట్టాను. హకకు.
ఇంకాస్త గట్టిగా. హకకు.
ఎంత ఒత్తినా ఒత్తు పడదు.

డి అని రాసున్న మీట, మనకి అదే పొల్లు,
రాత్రికి రాత్రే మూగబోయింది.
రిజిస్ట్రారాఫీసు ఎదురుగా, జిరాక్సు వాళ్ళ రేకుల కింద
పదకొండేళ్ళుగా దస్తావేజులు కొడుతున్నాను.
అక్షరం పొల్లు పోకూడదే అమ్మాయ్ అని
పని నేర్పిన సాంబ్రాజ్యం గారు చెవి మెలేసి చెప్పారు.
అక్షరం పోలేదండీ. పొల్లే పోయింది.

ఎదురుగా అక్కా తమ్ముడూ.
మూడింటికి స్లాటు.
తమ్ముడు పానకాలు, పేరు చెక్కు చెదరలేదు.
అక్క వీరరాఘవమ్మ
తెర మీద వీరరాఘవమమ అయి కూర్చుంది.
"అది నేను కాదమ్మా" అంది, కళ్ళజోడు సర్దుకుని.
సరిహద్దు సరిహదదు.
అన్నదమ్ములు అననదమములు.
ఒకదాని కింద ఒకటి ఒదిగి బతికే అక్షరాలు
రేషను షాపు ముందు నిలబడ్డట్టు
ఎవరికి వాళ్ళే.
గుంటూరు మాత్రం గుంటూరే.
విజయవాడ కూడా విజయవాడే.
ఈ రెండూళ్ళకీ ఒత్తుతో పనిలేదని
ఇన్నేళ్ళూ గమనించనే లేదు.

చివరికి, ఎప్పుడో రద్దయిన అగ్రిమెంటొకటి తెరిచి
అందులోంచి ఒక్క పొల్లు
పక్కింట్లో చేబదులు తెచ్చినట్టు తెచ్చి
పేజీ పొడుగునా అతికించాను.
ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు.
పానకాలు పెట్టాడట. నూట డెబ్బై ఆరు.
"నాకొచ్చే సెంట్ల కంటే ఎక్కువే" అన్నాడు.
వీరరాఘవమ్మ నవ్వలేదు.

సాయంత్రం అరండల్‌పేటలో
మేడమెట్ల కింద నాగుల్ మీరా కొట్టు.
"గుంటూరు కదా, కారం దూరిందేమో" అన్నాను.
"అందరూ అదే అంటారు" అని
పద్నాలుగు స్క్రూలు విప్పి
విప్పిన వరసలోనే అయస్కాంతం మీద పేర్చాడు.
కారం లేదు. టీ మరక లేదు.
మీట కింద కొంచెం ఊదారంగు పొడి.
వేలిముద్ర వేసిన చేత్తోనే తడిమి
ఇదేనా నా పేరు, అని అడిగేవాళ్ళది.
"ఇది కూడా కాదు" అని తుడిచేశాడు.
లోపలి పొర ఒకటి తీసి లైటుకి ఎత్తాడు.
వెంట్రుకంత గీత, ఎక్కడినుంచో వచ్చి
సరిగ్గా ఆ చుక్క దగ్గర తెగిపోయింది.
"ఎక్కువ ఒత్తిన చోటే పోద్దండీ.
మిగతావన్నీ బానే ఉన్నాయ్.
కానీ ఒక్కటే మార్చడానికి లేదు, మొత్తం తీసెయ్యాల."

పద్నాలుగు వందలు.
బెజవాడ నుంచి బస్సు పార్సిలు, రేపు.

రేపు వచ్చింది.
యాభై పైచిలుకు ప్లాస్టిక్ మేకులు
ఒక్కొక్కటీ చిదిపి, పాత పలక ఊడదీసి
కొత్తది కరిగించి అతికించేసరికి
మధ్యాహ్నం మూడు.
ఆరిందాక ఊదుతూ కూర్చున్నాం ఇద్దరం.
"కొట్టి చూడండి" అన్నాడు.

ఏం కొట్టాలో తోచలేదు.
ఎదురుగా ఉన్నాడు కాబట్టి
నాగుల్ మీరా అని కొట్టాను.
ల నెత్తిన పొల్లు
గోరు గాటంత, నిలబడింది.
అతను ల్యాప్‌టాప్‌ని తనవైపు తిప్పుకున్నాడు.
"ఆధార్లో నాగుల అని పడిందండీ.
బ్యాంకులో అదే. గ్యాసు పుస్తకంలో అదే.
మా పెళ్ళి కార్డులోనూ అంతే.
ఇది పెట్టినవాళ్ళు లేరు."
ఇంకాసేపు చూశాడు.
లేబరు వద్దులెండి అన్నాడు.
ఇచ్చాను.

ఇవాళ మళ్ళీ అదే రేకుల కింద.
మీట మెత్తగా ఉంది, వేలికే ఇంకా తెలియలేదు.
నిన్నటి కసితో పొడిచి
అక్కడే ఆగిపోతోంది.
ఒక్కో హక్కులో రెండేసి పొల్లులు పడుతున్నాయి.
ఒకటి చెరిపేస్తున్నాను.