చేబదులు

కజాలీ స్టేషన్లో బండి పద్దెనిమిది నిమిషాలు ఆగాలి.
ఆ రోజు నాలుగే ఆగింది.
ఆలస్యమైన బండి ఎవరికీ లెక్క చెప్పదు.

బోగీ చివరి బాయిలర్ తెల్లవారకముందే చల్లారింది.
ఎదురు బెర్తు కుర్రాడు, ముక్కూ మొహం తెలియనివాడు,
"అక్కా, మీ ఫ్లాస్కు ఇస్తారా,
క్యాంటీన్లో వేణ్ణీళ్ళు పట్టుకొస్తా, ఇద్దరికీ" అన్నాడు.
ఇచ్చాను.
ఇచ్చాక ఆలోచించాను. నా అలవాటే అంత.

ముప్ఫై ఏళ్ళు కోట్లు కుట్టిన కార్ఖానా
చివరి రోజున నా చేతిలో పెట్టిన ఫ్లాస్కు అది.
అడుగున నా పేరు చెక్కారు,
ఒక అక్షరం తప్పుగా.

బండి కదిలింది.
కిటికీలోంచి ఎండుచేపల బల్లలు, ఒంటరి కుక్క,
ఆ వెనక ఒంటెరంగు నేల, ఎంత దూరమైనా అదే.
కుర్రాడు లేడు.

"ఎవరు పడితే వాళ్ళకి ఇచ్చేయడమేనా?"
అంది బోగీ చూసుకునే రౌషన్, దుప్పట్లు లెక్కపెడుతూ.
పై బెర్తు పెద్దాయన బోసినోటితో నవ్వి
తన గొడుగు కథ ఎత్తుకున్నాడు.
ప్రతి బోగీలోనూ ఒక గొడుగు కథ ఉంటుంది.
నేనూ తిట్టుకున్నాను, రెండు స్టేషన్ల దూరం.
వాడివి దొంగచూపులని అప్పుడు గుర్తొచ్చింది,
చూడని చూపులు.

సాయంత్రం చెప్పుల కోసం కాలు చాపితే
బెర్తు కింద ఏదో మెత్తగా తగిలింది.
వాడి సంచి.

నేనిచ్చింది ఒక ఫ్లాస్కు.
వాడు నా కాళ్ళ దగ్గర వదిలింది ఉన్నదంతా.
కాస్త చూస్తుండండి అని కూడా అనలేదు.
పొద్దుటినుంచీ అప్పిచ్చినదాన్నని కూర్చున్నా.
బాకీ నాదే.

చిరునామా కోసం విప్పాను.
(చిరునామా కోసమే.)
రెండు చొక్కాలు, గడ్డం గీసుకునే సామాను,
పాత పేపర్లో చుట్టిన ఎర్రబూట్ల జత,
నా అరచేతికంటే చిన్నవి.
పేరు లేదు. ఊరు లేదు.
ధర చీటీ మాత్రం ఉంది,
కొట్టేసి తగ్గించి రాసిన ధర.

అక్తోబెలో తొమ్మిది రోజులు
చెల్లెలి మనవరాలికి నీళ్ళు పోస్తూ గడిపాను.
"ఏడాది పోతే సరిగ్గా సరిపోతాయే" అంది చెల్లెలు,
బూట్లు చేతిలో తిప్పుతూ.
నిజమే. సరిపోతాయి.
ఆ రాత్రే సంచి తాడు బిగించి
రెండు ముళ్ళు వేశాను.

తిరుగు బండి కజాలీలో పద్దెనిమిది నిమిషాలూ ఆగింది.
చేపలమ్మే ఉల్బోల్సిన్
నా ఆకుపచ్చ తలగుడ్డ చూసి కేకేసింది.
(ఈసారైనా కొడుకు పుట్టాలని కూతురికి పెట్టే పేరది.
తన తర్వాతా నలుగురూ ఆడపిల్లలేనట, నవ్వుతూ చెప్పింది.)
బల్ల కిందనుంచి నా ఫ్లాస్కు తీసింది.

"నీళ్ళ ట్యాంకు దాకా పరిగెత్తాడు బండి వెనకాల.
ఆవిడొస్తే ఇమ్మని నాకిచ్చి పోయాడు.
ఇన్నాళ్ళూ నా టీ ఇందులోనే.
మూత ఎక్కడో పోయింది, ఏమనుకోకు."

"నేనొస్తానని వాడికెలా తెలుసు?"

"వాడికేం తెలుసు! ఇమ్మన్నాడు, ఇచ్చాను.
సంచి నాకిచ్చి పో. సంతరోజుకి వస్తానన్నాడు."

బల్ల చాటున ఒక పిల్ల.
దాని మనవరాలు కాబోలు, రెండేళ్ళుంటాయేమో,
బూటు చిరిగి బొటనవేలు బయటికి చూస్తోంది.
నేను ఆ వేలు చూశాను.
నేను చూడడం ఉల్బోల్సిన్ చూసింది.
ఇద్దరం చేపల ధర మాట్లాడుకున్నాం.

బండి కూత వేసింది.
ఇచ్చాను.
ఇచ్చాక ఆలోచించాను.

ఆ ఎర్రబూట్లు ఇప్పుడు ఏ పాదాలకున్నాయో తెలియదు.
నాలుగేళ్ళయింది, అటు మళ్ళీ వెళ్ళలేదు.
వెళ్ళనవసరం లేదనుకుంటాను కొన్నాళ్ళు,
భయమనుకుంటాను కొన్నాళ్ళు.

ఫ్లాస్కుకి మూత బదులు గుడ్డ కుక్కుతున్నాను.
ఎన్నిసార్లు తోమినా టీలో చేప వాసన.
చక్కెర కాస్త ఎక్కువేసుకుని తాగుతాను.