ఎంటర్ కొట్టని గడి

తెర మీది పట్టికల నాలుగు వేల గడులున్నయని
ఎనుమాముల యార్డు గుమాస్తా ఓదెలు నమ్ముతడు.
నేను నమ్మ. కట్టింది నేనే కాబట్టి.
అక్కడున్నది ఒక్కటే.
బస్తాల మీద అడ్తి పేరు కొట్టే పిలగాని చేతిల
సిరా కారుకుంట ఉంటదే, అసొంటి చెక్క ముద్దర.
పెట్టి, తీసి, అంకె మార్చి, పక్కకు జరిగి, మళ్ల పెట్టి
రెప్ప వాల్చేలోపు
పట్టికంత అదే తిరిగొస్తది.
మనం చూసేవి గడులు కావు.
గడి నడిచిపోయిన అచ్చులు.

మొదట్ల ఒక తప్పు చేసిన.
తాలుకాయ కలిసిన లాటుకు ఎర్రరంగు పుయ్యమని రాసి
తర్వాతి లాటు కాడ ముద్దర కడగమని రాసుడు మరిచిన.
పన్నెండో వరుసల పుట్టిన ఎరుపు
అడుగు దాక పారింది.
మంచి కాయకూ అదే రంగు, మచ్చలేని రైతుకూ అదే రంగు.
ఓదెలు ఫోన్ చేసి
"మేడం, మీ కంప్యూటర్ల గూడ మిర్చి ఆరబోసిన్రా?" అన్నడు.
నవ్విన. నవ్వినంక సిగ్గయింది.
ఒక్క వరుస చేర్చిన:
ఏ గడికైనా ముందు తెలుపు, ఆ తర్వాతే ఇంకేదైనా.
ముందటోని మరక
వెనకటోనికి అంటొద్దు.

గీసుడు ఒక పని. దిద్దుడు వేరే.
రెండుసార్లు నొక్కితే
అచ్చు మీదికి ఒక నిజమైన డబ్బా వచ్చి కూసుంటది.
లోపల సన్నటి గీత, ఆరుకుంట, వెలుగుకుంట.
మొత్తం పట్టికల ఆ ఘడియకు పాణమున్నది దానికే.
తక్కినయన్ని బొమ్మలు.
కానీ డబ్బాల రాసింది ఇంకా లెక్క గాదు.
ఎంటర్ కొడితేనే కింది ఖాతాకు దిగుతది.
లేకుంటే, నోటిదాక వచ్చి ఆగిన మాట.

చపాటా కాయ జోరుమీదున్న పొద్దు.
గుగులోతు కేలి, నర్సంపేట అవతలి తండా,
పదిహేడు బస్తాలు.
తొమ్మిదో బస్తా కాంటా ఓపాలి తప్పు చూపింది.
మళ్ల పెడితే ముప్పై ఆరు కాదు, నలభై ఒకటి.
ఓదెలు దిద్దిండు.
వెనక వరుస పెద్దగున్నది, లొల్లి పెద్దగున్నది,
ఎంటర్ కొట్టకుండనే
అచ్చు బటన్ నొక్కిండు.

తక్‌పట్టీ మీద ముప్పై ఆరు.
తెర మీద నలభై ఒకటి.
"నా కండ్ల ముందట కొట్టిన మేడం, అగో సూడున్రి!"
ఆయన అబద్ధమాడలే.
కాయితం గూడ ఆడలే. దానికి ఖాతా చెప్పిందే తెలుసు.
నడుమ ఐదు కిలోలు
ఎటూ కాకుండ వేలాడుతున్నయి.

కేలి ఏం మాట్లాడలే. చెయ్యి చాపింది.
మణికట్టు నుంచి మోచేతి దాక
బాల్‌పెన్నుతోని పదిహేడు అంకెలు,
గాజులను పైకి నూకి రాసుకున్నవి.
చెమటకు రెండు అలుక్కుపోయినయి.
తొమ్మిదోది మాత్రం
కొట్టేసిన ముప్పై ఆరు, పక్కన నలభై ఒకటి.
దిద్దిన గుర్తు గూడ ఉంచుకున్న లెక్క.
నా పట్టికల అది లేదు.

నైంనగర్ నుంచి ఆటోల పోయిన.
కారపు ఘాటుకు దగ్గుకుంట, ముక్కు తుడుసుకుంట
తూకం గది మూలకు కూసొని రాసిన:
అచ్చు వేసే ముందు చూడు,
ఎవరన్న ఇంకా చెప్తున్నరా.
చెప్తుంటే, ముగియనియ్యి.
గంతే. రెండు వరుసలు.
ఇన్నేండ్లు ఎందుకు రాయలేదో
నాకు నేను చెప్పుకోలేకపోయిన.

కొత్త తక్‌పట్టీ వచ్చింది.
కేలి ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టి
కాయితం నుంచి చేతికి, చేతి నుంచి కాయితానికి పోయింది.
పదిహేడూ కలిసినయి.
"ఇగ కడుక్కోరాదమ్మా" అన్నడు ఓదెలు, నల్లా చూపిచ్చుకుంట.

ఆమె చెంగు చెయ్యి మీదికి గుంజుకున్నది.
"పైసలు వడ్డంక కడుగుత తియ్యి."