స్లైడు కింది మాట

బదిలీ మీద సంగడిగుంట బడికి వచ్చిన తొలి సోమవారం
హెడ్మాస్టరు బీరువా తీసి నా చేతిలో పెట్టినవి మూడు:
తాళంచెవి, మూత విరిగిన ప్రొజెక్టరు, ఒక పెన్‌డ్రైవు.
"జ్ఞానసుందరి మేడమ్‌ది. రేపల్లె వెళ్ళిందిగా.
వెళ్తూ వెళ్తూ ఎనిమిదో తరగతివి చేసిపెట్టింది."

దహనం. ఇరవైరెండు స్లైడులు.
పెద్ద అక్షరాలు, ఒక్కోదానిలో నాలుగే మాటలు.
ఎగిరొచ్చే బొమ్మల్లేవు.
నేనైతే, నిజం చెప్పొద్దూ,
ప్రతి వాక్యాన్నీ ఒక్కో మూల నుంచి దొర్లించేవాణ్ణి.
పిల్లలు వాక్యం వదిలేసి
తర్వాతది ఎటునుంచి వస్తుందో పందేలు కాసేవాళ్ళు.

ఆ రాత్రి బ్రాడీపేట అద్దెగదిలో
ఏదో గీత పట్టుకుని పొరపాటున పైకి లాగితే
స్లైడు అడుగున సన్నటి అక్షరాలు:

"ఇక్కడ అగ్గిపుల్ల గీసి చూపించు. ఫ్యాను కింద కాదు."
"మిర్చి యార్డు గాలికి సుభానీ తుమ్ముతాడు. తుమ్మనివ్వు.
ఆక్సిజన్ సంగతి ఆ తుమ్ము అయ్యాకే."
"ఈ ప్రశ్న కోటమ్మని అడక్కు. వాళ్ళ పాక పోయినేడే కాలింది."
"నీళ్ళు తాగు."
రెండు స్లైడుల తర్వాత:
"తాగావా?"

ఈ 'నువ్వు' ఎవరు?
తనా, నేనా?

గోడ మీద పిల్లలకు కనిపించేది ఒకటి,
నా ముందున్న తెరలో నాకొక్కడికే కనిపించేది ఇంకొకటి.
పద్నాలుగేళ్ళ సర్వీసులో ఈ ఏర్పాటుందని తెలీదు నాకు.
క్లాసుకి వీపు పెట్టి
నా స్లైడులు నేనే చదువుకునేవాణ్ణి.

మర్నాడు ఖాళీ గదిలో బెంచీలకు పాఠం చెప్పి చూసుకున్నాను.
ఏ స్లైడు దగ్గర ఎంతసేపు నిలబడ్డానో అదే లెక్క రాస్తుంది.
నిర్వచనానికి నాలుగు నిమిషాలు,
మంటకి పదకొండు సెకన్లు.
హడావిడి మనిషినని మా ఆవిడ ఎన్నాళ్ళుగానో అంటోంది.
యంత్రం చెబితే గానీ నమ్మలేదు.

పదిహేడోది మసకగా ఉంది. అంకె మీద అడ్డగీత.
దాచిన స్లైడు.
వరసలో రాదు, ఫైల్లోంచి పోదు.
కింద ఒకటే ముక్క: "తను అడిగితేనే."

పాఠం రోజు
సుభానీ తుమ్మాడు. ఠంచనుగా.
ఆక్సిజన్ దాటి పదహారుకి వచ్చాను.
నోట్సులో: "బి నొక్కు."

నొక్కాను.
గోడ నల్లబడింది.
పాడుచేశాను రా దేవుడా అనుకునేలోపు
ముప్ఫైనాలుగు మొహాలు
గోడ మీంచి నా మీదికి తిరిగాయి.
ఏం చెప్పాలో ఆవిడ రాయలేదు.

ఆ చీకటి గోడ కింద కోటమ్మ లేచింది.
"ముందు అంటుకునేది చూరు సార్.
నీళ్ళు పోస్తే ఆగలా. ఇసక పోస్తే ఆగింది."
వచ్చి, నన్ను అడక్కుండానే,
ఒకటి, ఏడు కొట్టి ఎంటర్ నొక్కింది.
దాచింది అంకె చెప్పి పిలిస్తే వస్తుందని
ఆ పిల్లకి తెలుసు!

బొగ్గైన నిట్రాట. పక్కన మసి బిందె.
"ఈ ఫొటో మేడమ్‌కి ఇచ్చింది నేనే సార్.
నీకు చెప్పాలనిపించిన్నాడు చెప్దువులే అంది."
కాసేపు చూసింది.
"బిందె దహనశీల పదార్థం కాదు.
మా అన్న పుస్తకాలు దహనశీల పదార్థం."
వెళ్ళి కూర్చుంది.
ఎవరూ తుమ్మలేదు.

సాయంత్రం పదహారో స్లైడు అడుగున
ఆవిడ మాట చెరపకుండా
దాని కింద నాదొకటి చేర్చాను:
"బి నొక్కాక పక్కకి జరుగు.
తొందరపడి మళ్ళీ నొక్కకు."

సేవ్ చేసి పెన్‌డ్రైవు లాగుతుంటే
కిటికీలోంచి ఘాటు.
తుమ్మాను, రెండుసార్లు.
నీళ్ళు తాగాను.